చివరికి ఏమైంది?

యానాం నుంచి బదిలీ మీద పాండిచ్చేరి వచ్చిన భీమేశ్వరరావు చావుల వివరాలు రాసే గుమాస్తా. ఎవరు ఏ జబ్బుతో పోయారో ఇళ్లకు వెళ్లి కనుక్కుని వారం వారం ఆరోగ్యశాఖకు పంపాలి. గుమ్మంలో చెప్పులు విప్పి, గొడుగు ముడిచి, మాట మొదలుపెట్టడానికని మంచినీళ్లు అడిగి తాగి, గొంతు తగ్గించి ఒక్కటే అడుగుతాడు: "చివరికి ఏమైందమ్మా?" అంతకంటే గుచ్చి అడగడానికి అతనికి నోరు రాదు.

వానలు పట్టిన ఆ వారం నెల్లితోపులో ఒకే వీధిలో నాలుగు చావులు. మూడిళ్లలోనూ "గుండె నిలిచిపోయింది సార్" అన్నారు. అలాగే రాశాడు. ఒక్క వీధికే ఇన్ని గుండెజబ్బులేమిటో అంతుపట్టలేదు. నాలుగో ఇంట్లో ముసలావిడ ఇచ్చిన చెంబు ఎత్తబోతుంటే, మొగుణ్ణి పోగొట్టుకున్న కోడలు కనకవల్లి గబుక్కున లాక్కుంది.

"బావి నీళ్లు వద్దు సార్. ఆయనకి రెండు దినాలు వాంతులు, బేదులు. ఈ వీధిలో పోయినోళ్లందరికీ అదే."

"మరి గుండె అన్నారే!"

"చివరికి ఏమైందని గదా మీరు అడిగేది? చివరికి ఎవురికైనా నిలిచేది గుండే గదా!"

తను నింపిన మూడు గళ్లకేసి భీమేశ్వరరావు తెల్లబోయి చూశాడు. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. ఆ మూడిళ్లలోనూ చెంబెడేసి నీళ్లు తాగే వచ్చాడు.