ఎవరింటి చుక్కలు

యేసమ్మకు కోపం ఊరికే రాదు. కానీ పసిపిల్లల విరేచనాల మాటెత్తితే మాత్రం ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. తన తొలిచూలు బిడ్డను ఎనిమిదో నెలలో ఆ రోగానికే పోగొట్టుకుంది. ఆ దుఃఖంతోనే ఆరాంఘర్‌లో పిల్లల డాక్టరు దగ్గర ఆయాగా చేరి ఇరవై ఏళ్లయింది.

2013లో పక్కింటి అనంతమ్మ కూతురు పూర్ణిమ మొదటి కాన్పుకని శంషాబాద్‌లోని తల్లిగారింటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. నెలన్నర నిండగానే యేసమ్మ వెళ్లి కూర్చుంది. అక్కడే మంచం మీద పూర్ణిమ పిల్లాడికి పాలిస్తోంది.

"అక్కా, రోటా చుక్కలని ఉన్నయి, నోట్లె ఏస్తరు. విరేచనాలు ముదరకుండ కాపాడుతయి. సర్కారు దవాఖానల ఇంక ఇస్తలేరు గని మా డాక్టరు దగ్గర ఉన్నయి. పదిహేను వారాలు నిండకముందే మొదలువెట్టాలె. దాటితే ఇగ ఎయ్యరు."

"కాన్పు మేమే చేసినం, తొట్టెల మేమే చేసినం," అంది అనంతమ్మ. "గా చుక్కలన్న వాళ్లు ఏపియ్యరా? మనుమడు వాళ్లోడు గాదా?"

ఆదివారం ప్రార్థన కాగానే యేసమ్మ మైలార్‌దేవ్‌పల్లి ఆటో ఎక్కింది. పూర్ణిమ అత్త లింగమ్మ చాయ్ ఇచ్చి మరీ చెప్పింది. "తల్లిగారింట్ల ఉన్నన్ని దినాలు పిల్లగాని మంచిచెడ్డ వాళ్లదే. ఐదో నెల తెచ్చుకుంటం, అప్పుడు మేం ఏపిస్తం. ముందుగాల మేం జొరవడితే ఏం మర్యాద?"

మర్యాదట! రోగానికి తల్లిగారిల్లు, అత్తగారిల్లు తేడా తెలుస్తుందా? ఐదో నెలకు గడువు దాటిపోతుందని చెబుతూ యేసమ్మ రెండిళ్ల మధ్య నాలుగుసార్లు తిరిగింది. వారాలు గడిచిపోయాయి గానీ ఎవరూ పట్టు వదల్లేదు.

ఐదో నెలలో కోడలినీ మనవణ్ణీ తెచ్చుకున్న మూడో రోజే లింగమ్మ వాళ్లను వెంటబెట్టుకుని దర్జాగా క్లినిక్‌కు వచ్చింది. డాక్టరు పుట్టిన తేదీ చూసి, "వయసు దాటిపోయిందమ్మా, ఇప్పుడు మొదలుపెట్టకూడదు" అన్నాడు.

"చూసినవా, తల్లిగారోళ్ల నిర్వాకం!" అంది లింగమ్మ వరండాలోకి వస్తూనే.

యేసమ్మకు ఒళ్లు మండిపోయింది. "రెండిండ్లోళ్లు కలిసి పిల్లగాన్ని గాలికి ఇడిసిండ్రు! నా బిడ్డప్పుడు గీ చుక్కలే లేకుండె. మీకు ఉండి గూడ ఏపియ్యకపోతిరి. పసిపానం మీద గిట్ల పంతాలువోతరా?"

కూర్చున్న తల్లులంతా తలెత్తి చూశారు. లింగమ్మ మొహం మాడ్చుకుని బయటికి నడిచింది. పూర్ణిమ మాత్రం కదల్లేదు.

"చిన్నమ్మా, మా అమ్మకు చెప్పినవు, మా అత్తకు చెప్పినవు. పెద్దోళ్లు మాట్లాడుకుంటుంటే నడుమ నేనెట్ల మాట్లాడుదు? నన్ను ఒక్క మాట అడగకపోతివి. నువ్వు రమ్మంటే బస్సెక్కి వస్తుంటి గదా."

యేసమ్మ అన్నిసార్లు తిరిగింది, అందరినీ తిట్టుకుంది. పిల్లాడి తల్లిని మాత్రం ఒక్కసారీ అడగలేదు.