నాలుగు శనివారాల జొన్నలు

నా చిన్నప్పుడు మా పల్నాట్లో వరన్నం అంటే పండగపూట మాటే. మిగిలిన రోజులన్నీ జొన్న సంకటి, జొన్నరొట్టె. అందులోనూ అవి యుద్ధం రోజులు, బియ్యం దొరకడమే గగనం. అయినా గురజాల దాపున ఉన్న మా పల్లెలో క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక, మందిరం ముందు పందిరి కింద అందరూ ఒక్క బంతిన కూర్చుని వరన్నం తినాల్సిందే. దాన్ని ప్రేమవిందు అనేవాళ్ళం.

ఆ బియ్యం ఏ ఒక్కరో ఇచ్చేవి కావు. పండక్కి నెల ముందు నుంచి ప్రతి శనివారం ఒక ఆడపిల్ల బుట్ట పట్టుకుని గడపగడపకూ తిరిగేది. ఇంటికి పిడికెడు. ఎవరైనా దోసెడు పోయబోతే వద్దనాలి, అది మా సంఘంలో కట్టుబాటు. అందరిదీ పిడికెడే అయితే విందులో ఎవరూ ఎవరి సొమ్మూ తిన్నట్టు ఉండదని పెద్దలు పెట్టుకున్న పద్ధతి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ బుట్ట నా చేతికొచ్చింది. విందు వంట మా నాయనమ్మది కాబట్టి ఆ పెత్తనం మనవరాలికి దక్కిందన్నమాట. అబ్బో, నా టెక్కు చూడాలి అప్పుడు!

ఆ ఏడే వినుకొండ వైపు నుంచి ఒకావిడ ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని మా పల్లెకు వచ్చింది. భర్త పోయాడు. చేలల్లో కూలికి పోతే సాయంత్రానికి ఇన్ని జొన్నలు కొలిచేవాళ్ళు, దాంతోనే వాళ్ళ బతుకు. మేమంతా వినుకొండ పిన్ని అనేవాళ్ళం. మొదటి శనివారం ఆ గుడిసె దగ్గరికి వచ్చేసరికి నాకు జాలేసింది. బియ్యం లేని ఇంట బియ్యం అడిగి ఆవిడను చిన్నబుచ్చడం ఎందుకని తల వంచుకుని దాటిపోయాను. ఆ తర్వాత మూడు శనివారాలూ అంతే. నా అంత మంచి పిల్ల ఈ పల్నాట్లోనే లేదని లోలోపల మురిసిపోయాను కూడా.

పండగ రోజు ఆరాధన ముగిసింది. పెద్ద గుండిగలో ఎసరు మరుగుతోంది. మా నాయనమ్మ బియ్యం చేటలోకి తీసుకుంటూ ఒకసారి తలెత్తి జనాన్ని చూసింది. వినుకొండ పిన్ని గుడికి రాలేదేమని అడిగింది. తెలియదన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా? పాపం వాళ్ళు లేనివాళ్ళు కదా, నేను ఒక్క వారం కూడా వాళ్ళను అడగలేదని గొప్పగా చెప్పేశాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

మా నాయనమ్మ చేట కింద పెట్టేసింది. ఆమె నోరు మంచిది కాదని పల్లెలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం గొంతు పెంచలేదు.

“ఊరి బావి కాడ మనల్ని దూరంగా నిలబెట్టి పైనుంచి నీళ్ళు పోస్తారే, వాళ్ళకీ జాలి ఉందే. అడిగితే మజ్జిగ కూడా పోస్తారు. మన చేతిది మాత్రం ఏనాడన్నా తీసుకున్నారటే?”

లేదన్నట్టు తల ఊపాను.

“మరి నువ్వు చేసిందేంది? పో. పోయి ఆమెని అడుగు. ఆమె పిడికెడు వచ్చిందాకా ఎసట్లో గింజ పడదు.”

సంఘపెద్ద ఒకాయన పిల్లలు ఆకలికి అల్లాడుతున్నారని గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. ఎసట్లో మరో బిందెడు నీళ్ళు కుమ్మరించి కూర్చుంది. ఖాళీ బుట్ట పట్టుకుని నేను బయలుదేరాను. ఇరవై ఇళ్ళ దూరం. నా మూలంగా ఆవిడ పండక్కి రాకపోతే, అసలు పల్లెలోనే ఉండనని పోతే, నేనేం చేయాలి?

ఆవిడ పిల్లలిద్దరూ ఉతికిన బట్టలు వేసుకుని గడపలో కూర్చున్నారు. ఆవిడ లోపల పొయ్యి దగ్గర ఉంది, పొయ్యిలో నిప్పు లేదు. నన్ను చూసి లేవలేదు.

“పిన్నీ, మీ పిడికెడు రాలా. ఎసరు మరుగుతా ఉంది. నాయనమ్మ బియ్యం పొయ్యనంటంది” అన్నాను. చివరి మాటకు ఏడుపొచ్చేసింది.

“ఇప్పుడు గుర్తొచ్చానటే అమ్మాయ్?” అంది ఆవిడ. “నాలుగు శనివారాలు పిడికిట్లో జొన్నలు పట్టుకుని ఈ గడపలోనే నిలబడ్డా. బియ్యం కావు గదా, తీసుకుంటదో తీసుకోదో అని భయపడతానే నిలబడ్డా. నువ్వు నా వంక చూడను కూడా చూళ్ళా. మనం వాళ్ళ లెక్కలో లేమేమో అనుకున్నా.”

నేను నిజం చెప్పాను. జాలిపడ్డానని చెప్పడానికి అప్పుడు నాకు ఎంత సిగ్గేసిందో! ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మూల నుంచి ఒక ముంత తీసింది. ఏ వారానికి ఆ వారం పిడికెడు అందులోనే వేసి పెట్టిందట. ఆ నెలలో పిల్లలు పస్తున్న పూట కూడా ఉందని తర్వాత తెలిసింది. ఆ ముంత మాత్రం ముట్టలేదు. నేను బుట్ట చాపితే, “నేనే తెస్తా, పద” అని లేచింది.

మా నాయనమ్మ ఆ ముంతను రెండు చేతులా అందుకుని అట్లాగే ఎసట్లో వంచేసింది. జొన్నలు, బియ్యం కలిపి ఉడుకుతాయా అని ఎవరో అన్నారు. “ఉడికిందాకా కూర్చోండి, పండగ యాడికీ పోదు” అంది. జొన్నలు కాస్త మెత్తబడ్డాకే బియ్యం పోసింది. విందు మొదలయ్యేసరికి పొద్దు బాగా వాలింది. అన్నం గంపను మా నాయనమ్మ వినుకొండ పిన్ని చంకకెత్తి వడ్డించమంది. బంతిలో ప్రతి విస్తరి ముందూ ఆవిడ వంగింది. ఉడికీ ఉడకని జొన్నలు పంటి కింద కటుక్కుమంటూనే ఉన్నాయి, ఒక్కరూ ఉమ్మలేదు. గొణిగిన సంఘపెద్ద మారు కూడా పెట్టించుకున్నాడు. నా విస్తరి దగ్గరికి వచ్చాక ఆవిడ ఒక క్షణం ఆగి, అందరికంటే నాకే ఎక్కువ పెట్టింది.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. పండగ రోజుల్లో మా ఇంట్లో పాచిపని చేసే అమ్మాయి కొంగులో నాలుగు జామకాయలు కట్టుకొస్తుంది. నీ పిల్లలకు పెట్టుకోక నాకెందుకే అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను. రెండు చేతులూ చాపి తీసుకుని, ఆ పిల్ల చూస్తుండగానే ఒకటి కొరుకుతాను.