కడిగేసిన బ్రష్షు

ఎనభైల మొదట్లో మా పిన్ని కువైట్‌లో కొన్నేళ్ళు ఇంటిపని చేసి తిరిగొచ్చినప్పుడు అందరికీ చీరలు, సెంటు సీసాలు తెచ్చింది. నాకు మాత్రం ఒక బ్రష్షు తెచ్చింది. పౌడరు అద్దే బ్రష్షు. నల్లటి పిడి, చెంపకి ఆనిస్తే తగిలిందో లేదో తెలియనంత మెత్తటి కుచ్చు. అప్పటికి నేను రాజోలు దగ్గర ఒక బడిలో టీచర్ని. సెలవుల్లో మా చర్చి ఆడపిల్లల పెళ్ళిళ్ళకి ముస్తాబు చేసేదాన్ని. దూదితోనే పౌడరు అద్దేదాన్ని. పెళ్ళికూతుళ్ళని పిండిలో దొర్లించి పంపిస్తున్నావని పిన్ని వెక్కిరించేది.

బ్రష్షు ఇచ్చి ఊరుకోలేదు. దాన్ని ఎలా చూసుకోవాలో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

“జుట్టే కదే. నీ జుట్టుని ఎలా చూసుకుంటావో దీన్నీ అలాగే చూసుకో.”

మా నూతి నీళ్ళు ఉప్పన. వాటితో కడిగితే వెంట్రుకలు బిరుసెక్కిపోతాయి. అందుకని కాలవ నీళ్ళు బిందెలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపి, మట్టి అడుక్కి దిగాక పైతేట మాత్రం తీసుకోవాలి. కుంకుడు రసం పల్చగా ఉండాలి. వేడినీళ్ళు తగిలితే కుచ్చుని పిడికి పట్టి ఉంచే రేకు లోపలి జిగురు వదిలేస్తుంది కాబట్టి చన్నీళ్ళే వాడాలి. కుచ్చు కిందికి వంచి వేళ్ళతో మెల్లగా పిండి, బల్ల అంచున పడుకోబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఎండ తగలకూడదు. ముసురు రోజుల్లో బూజు పట్టకుండా వేపాకు వేసిన గుడ్డలో చుట్టాలి. బడిలో పిల్లల్ని కూడా నేనంత శ్రద్ధగా చూసుకోలేదు.

తరవాత పిన్ని కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు మిలిటరీలో పనిచేసేవాడు, సెలవు మీద వస్తున్నాడు. కూతురి మొహం ఈ బ్రష్షుతోనే దిద్దాలని పిన్ని నా దగ్గర ఎప్పుడో మాట తీసుకుంది. సరిగ్గా పెళ్ళి ముందు ఆవిడకి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు, కాకినాడ పెద్దాసుపత్రి, ప్రార్థనలు, అన్నీ అయ్యాయి. మనిషి దక్కలేదు.

మా క్రైస్తవ ఇళ్ళల్లో పోయినవాళ్ళకి స్నానం చేయించి, తెల్లచీర కట్టి, పెట్టెలో పెట్టాక మొహానికి కాస్త పౌడరు రాస్తారు, చివరిచూపుకి వచ్చేవాళ్ళ కోసం. పిన్ని మొహం పసుపు ముద్దలా ఉంది. బతికుండగా పౌడరు లేకుండా వీధి గుమ్మం దాటని మనిషి. నేను దూది తీసుకోబోతే మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“దూదితో వొద్దే. అది తెచ్చిన బ్రష్షుతోనే వెయ్యి.”

వేశాను. నుదురు, బుగ్గలు, గడ్డం. పనిలో ఉన్నంతసేపూ ఏడుపు రాలేదు.

ఇంటికొచ్చి సంచిలోంచి బ్రష్షు తీశాక భయం వేసింది. పిన్ని అంటే భయం కాదు. ఇదే బ్రష్షు పెళ్ళికూతురి మొహాన ఎలా పెడతాను, తెలిస్తే ఆ పిల్ల ఎంత బాధపడుతుంది, పెళ్ళివారి ఆడవాళ్ళు ఎన్ని మాటలంటారు అని. అబ్బాయి సెలవు అయిపోతుంది కాబట్టి జ్ఞాపకార్థ ప్రార్థన అవగానే పెళ్ళి చేసెయ్యాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. కుంకుడు రసం చిక్కగా తీసి కడిగాను. తెల్లటి నీళ్ళు వచ్చాయి. వాటిని కొబ్బరిచెట్టు మొదట్లో పోసి మళ్ళీ కడిగాను. నీళ్ళు తేటగా వస్తున్నా ఆపబుద్ధి కాలేదు. ఆఖరికి పిన్ని వద్దన్న పనీ చేశాను, ఎండలో పెట్టాను. పిన్నినే వదిలించుకుంటున్నానా అనిపించి సిగ్గేసింది. అయినా దాన్ని ఎండలోంచి తియ్యలేదు.

అంత చేసినా ధైర్యం చాలక అమలాపురం వెళ్ళి ఫ్యాన్సీ షాపులో ఇంకో బ్రష్షు కొన్నాను. మెత్తగా ఉంటుందండీ అన్నాడు షాపాయన. దాంతో బూట్లు తుడుచుకోవచ్చు.

పెళ్ళిరోజు పొద్దున్న చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కొత్త బ్రష్షు బుగ్గకి ఆనించానో లేదో కళ్ళు తెరిచింది.

“అమ్మ బ్రష్షు ఏదక్కా?”

సంచిలో ఉందన్నాను. ఇది నీ కోసమే కొన్నానన్నాను.

“ఆ రోజు అమ్మకి దాంతోనే వేసేవు కదా. గుమ్మంలోంచి చూసేను.”

ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ మాటకే. గబగబా చెప్పుకొచ్చాను. చిక్కటి కుంకుడు రసంతో మళ్ళీ మళ్ళీ కడిగానని, ఎండలో కూడా పెట్టానని, దాన్లో ఇంకేమీ మిగల్లేదని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని. ఆ పిల్ల చెయ్యి చాచింది. సంచిలోంచి పాత బ్రష్షు తీసి ఇచ్చాను. కుచ్చుని ముక్కుకి ఆనించుకుని వాసన చూసింది. పిడి తిప్పి మళ్ళీ చూసింది.

“కడిగేసేవా,” అంది.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

“కడగకుండా ఉంచుతావనుకున్నానక్కా. అమ్మకి అద్దిన పౌడరు కాస్త నాకూ తగులుద్దని.”

బ్రష్షు నా చేతికిచ్చేసి, కళ్ళు మూసుకుని మొహం పైకెత్తింది. నుదురు, బుగ్గలు, గడ్డం, అదే వరసలో అద్దాను. మొహం బాగా కుదిరిందని పెళ్ళివారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటుంటే ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. తప్పు చేశావని నన్ను ఎవరూ అనలేదు, చెల్లెలు అసలే అనలేదు. నాకే ఆ రోజు నుంచీ కుంకుడు రసం వాసన గిట్టదు.

మర్నాడు చెల్లెలు మొగుడితో రాజమండ్రి బస్సెక్కుతుంటే ఆ బ్రష్షు గుడ్డలో చుట్టి చేతిలో పెట్టాను. ఈసారి కడగలేదని చెప్పాను. తల ఊపి తీసుకుంది. బస్సు కదిలేదాకా దాన్ని సంచిలో పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

నేనేదో తప్పు దిద్దుకున్నాననుకున్నాను గానీ, అందులో ఉన్నది దాని మొహానికి అద్దిన పౌడరే. వాళ్ళమ్మది నేను కొబ్బరిచెట్టు మొదట్లో పోసేశాను.