నాన్న మిల్లుకొచ్చిన రోజు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు గుంటూరు నుంచి ఫోను చేసి, ఏదో కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందని చెప్పింది. మన వయసు వాళ్ళకు ముందుగా నోటికొచ్చే ప్రశ్న ఒకటే కదా, ఎంతిస్తారమ్మా అని అడిగాను. ఆ పిల్ల గొంతు తగ్గించి, "ఏమీ ఇవ్వరత్తా, సర్టిఫికెట్ ఇస్తారంతే. ఎవరితోనూ అనకు, అందరికీ ఉద్యోగమనే చెప్పాను" అంది. ఫోను పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఆ తగ్గిన గొంతు నాకు కొత్త కాదు.

మాది చీరాల, నేత కుటుంబం. ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద నాన్న కూర్చునేవాడు, రెండోది పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు. మా వీధి ఆడపిల్లల్లో పాలిటెక్నిక్ దాకా చదివింది నేనొక్కదాన్నే కావడంతో, చిలకలూరిపేట వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో నూలు పరీక్షించే ల్యాబుకు నన్ను ట్రైనీగా రమ్మన్నారన్న కబురు నాన్న వీధి చివర టీకొట్టు దాకా మోసుకెళ్ళాడు. నూలు నేసే ఇంటి పిల్ల నూలు తయారయ్యే చోట ఉద్యోగం చేస్తోందని ఆయనకు అదొక గొప్ప. చలికాలం మొదట్లో చేరాను. జీతం సంగతి మేనేజరు చెప్పలేదు, అడిగితే రావద్దంటారేమోనని నేనూ అడగలేదు.

నెల గడిచాక ల్యాబులో పెద్దావిడ అసలు సంగతి చెప్పింది, ట్రైనీలకు అక్కడ పైసా ఇవ్వరట. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. మూడు నెలలదీ కలిపి ఒకేసారి ఇస్తారని అబద్ధమాడాను. అమ్మ నమ్మింది. నాన్న ప్రతి సోమవారం వారానికి సరిపడా బస్సు ఛార్జీలు నా చేతిలో పెట్టేవాడు. మిల్లులో నేను ఊరికే కూర్చున్నదీ లేదు. పెద్దావిడ సెలవు పెట్టిన రోజుల్లో ల్యాబంతా నా ఒక్కదాని మీదే నడిచేది, నేను బాగుందంటేనే ఆ పూట నూలు లారీ ఎక్కేది.

మూడు నెలలు నిండిన రోజున, నాకు చెప్పకుండా నాన్న మిల్లుకొచ్చాడు. ఇస్త్రీ పంచె, పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా. నా మొదటి జీతంతో నాకొక చేతి గడియారం కొనిపించాలని ఆయన ఆశ అని తర్వాత అమ్మ చెప్పింది. షిఫ్టు మారే వేళ కావడంతో గేటు దగ్గర కూలి ఆడవాళ్ళంతా ఉన్నారు. మీ నాన్న వచ్చాడని ఎవరో చెబితే, నేను ల్యాబులోంచి పరుగున వచ్చేసరికే నాన్న ఆఫీసు మెట్ల దగ్గర మేనేజరుతో మాట్లాడుతున్నాడు.

"మా అమ్మాయికి ఇయ్యాల జీతమిస్తారని వచ్చానండి. ఇద్దరం కలిసి బజారుకెళ్దామని."

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. నవ్వుతూనే అన్నాడు. "జీతమేంటి పెద్దాయనా? పని నేర్పిస్తున్నాం. బయటైతే దీనికి మీరే ఫీజు కట్టాలి. అది కూడా అడగట్లేదుగా మేం!"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న నా వంక చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, "తెలీక అడిగానండి. ఏమనుకోమాకండి" అన్నాడు.

అప్పుడు నాకు కోపం రావలసింది మేనేజరు మీద. వచ్చింది నాన్న మీద. బస్సులో ఆయన పక్కన చోటున్నా, వెళ్ళి ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నాను. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు బస్సంతా దగ్గుతోంది. నాన్న దగ్గు వేరుగా వినిపిస్తూనే ఉంది, నేను వెనక్కి తిరగలేదు.

చీరాలలో దిగి నడుస్తుంటే ఆయనే అన్నాడు. "మన మగ్గం కాడ నేర్చుకోను వచ్చినోళ్ళని ఒట్టి చేతుల్తో ఎప్పుడన్నా పంపానా అమ్మా? పోగులు తెంపినా, నేత చెడగొట్టినా, ఏదో ఒకటి పెట్టే పంపాను. నేర్చుకుంటా చేసినా అది పనేగా."

"నువ్వు రాకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు" అన్నాను నేను.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సర్టిఫికెట్ కోసం ఆ ఏడాదంతా అక్కడే ఉన్నాను. సోమవారం బస్సు ఛార్జీలు ఆగలేదు. తలచుకుంటే, ఆ మిల్లు ల్యాబుకు మనిషిని పోషించింది మా ఇంటి మగ్గమే. వీధిలో ఎవరైనా అమ్మాయికి ఎంతిస్తున్నారని అడిగితే, ఎన్నడూ అబద్ధమాడని మా నాన్న తల వంచుకుని "బాగానే ఇస్తన్నారు" అనేవాడు. అది నా పరువు కోసమే అయినా, దాంతో ఆ మిల్లు పరువూ దక్కింది.

తర్వాత గుంటూరు దగ్గర మరో మిల్లులో నిజంగానే ఉద్యోగం దొరికింది. మొదటి జీతం తెచ్చి నాన్న చేతికిస్తే, అది పట్టుకునే ఆయన అడిగింది ఒకటే.

"అక్కడ నేర్చుకునే పిల్లలున్నారా?"

"ఇద్దరున్నారు."

"వాళ్ళకేమన్నా ఇస్తన్నారా?"

తెలియదన్నాను.

"కనుక్కో" అన్నాడు.

కనుక్కున్నాను. ఏమీ లేదు. అడిగితే అక్కడి మేనేజరు, నీకెందుకమ్మా అన్నాడు. అయినా ఏటా అడుగుతూనే వచ్చాను. ల్యాబుకు నేనే పెద్దనయ్యాక, ఎన్నో రోజుల బతిమాలాటల మీద ముందు బస్సు పాసు, క్యాంటీన్ భోజనం, ఆ తర్వాత కొద్దిపాటి స్టైపెండ్ ఒప్పించగలిగాను. ఆ సంగతి చెబుదామంటే అప్పటికి నాన్న లేడు.

ఇప్పుడు మా వీధి ఇళ్ళలో మగ్గాల గుంటలు పూడ్చేసి టైల్స్ పరిచారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఇంత అన్నం పెట్టి, చేతిలో ఏదో ఒకటి ఉంచి పంపిన ఇళ్ళు అవే. ఈనాటి పిల్లలకు చల్లటి గదులున్నాయి, మెడలో కార్డులున్నాయి, ఇంగ్లీషు పేర్ల హోదాలున్నాయి. అయినా పని చేయించుకుని ఇవ్వనివాళ్ళు గొంతెత్తే మాట్లాడుతున్నారు. పని చేసిన పిల్లలే ఇంకా గొంతు తగ్గించుకుంటున్నారు.