ఎవరికీ ఎదురు రాకుండా

నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే మా గుంపులోని టీచరమ్మ రాస్తోంది. పొద్దున పరుగు అయ్యాక గ్రౌండు గట్టు మీద కూర్చుని రాస్తున్నాం. నా మాటను పుస్తకం మాటగా దిద్దుతానంది. మాటను దిద్దుకో, జరిగినదాన్ని మాత్రం దిద్దొద్దన్నాను.

మాది ధర్మవరం. మా ఆయన మగ్గం నేసేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి మగ్గాల ఇళ్లకు కండెలు చుట్టి బతుకుతున్నాను. నాడెలో పెట్టే చిన్న గొట్టానికి పట్టుదారం చుట్టడమే ఆ పని. పొద్దంతా కూర్చునే చేయాలి. అట్లా కూర్చుని కూర్చునే షుగర్ వచ్చింది. మాత్రలు మింగినా దిగలేదు. పక్క వీధిలో ఒక నర్సమ్మ ఉంటుంది, చర్చికి పోయే మనిషి. ఆమే ఒకరోజు నన్ను కాలేజీ గ్రౌండుకు లాక్కుపోయింది. "దేవుడు కాళ్లిచ్చింది మడుచుకోని కూచునేదానికా అక్కా?" అంది.

మొదట్లో కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని చెప్పులతో నడిచాను. తర్వాత నర్సమ్మ తన పాత బూట్లు ఇచ్చింది. ముందు గుడ్డ కుక్కితే గాని అవి నా కాళ్లకు నిలవలేదు. యాభై దాటాక మొదటిసారి చుడీదార్ వేసుకున్నాను. వీధిలో చున్నీ నిండా కప్పుకుని గోడవారగా పోయి, గ్రౌండులోకి అడుగు పెట్టాక దాన్ని తీసి నడుముకు బిగించేదాన్ని. నడక ఏ రోజు పరుగైందో నాకే తెలియదు.

గ్రౌండు నాకు ఎందుకు నచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా వీధిలో నేను గడప దాటే ముందు అటూ ఇటూ చూస్తాను. ఎవరైనా మంచి పనికి బయలుదేరి వస్తుంటే వెనక్కి జరుగుతాను. మగ్గానికి కొత్త వార్పు, అంటే నిలువు పోగులు, అతికే రోజైతే ఆ ఇంటి వైపే పోను. ఎవరూ పోవద్దని చెప్పలేదు. ముండమోపి ఎదురొచ్చిందని ఒక ముసలామె ఒక్కసారి అన్నది, అంతే. తొమ్మిదేళ్లకు నా మెడకే అలవాటైపోయింది. గ్రౌండులో అయితే అందరూ ఒకే వైపు తిరుగుతారు. ముందు మనుషులు ఉంటారు, వెనక మనుషులు ఉంటారు, ఎదురు మాత్రం ఎవరూ ఉండరు. ఎవరో ఆలోచించి నాకోసమే పెట్టినట్టుంది ఆ పద్ధతి.

మేం నలుగురం. నేను, నర్సమ్మ, టీచరమ్మ, ఇంకొక పిల్ల. టీచరమ్మ శనివారం ఉపవాసం ఉండి మంచినీళ్లు కూడా తాగకుండా పరిగెత్తేది. నర్సమ్మ ఆమెను తిడుతూనే నా వేలు పొడిచి షుగర్ చూసేది. ఆ పిల్ల ఒక మగ్గం ఇంటి కూతురు. హిందూపురంలో ఆఫీసు ఉద్యోగం, రోజూ రైలుకు పోయి వచ్చేది. రైలుకు ముందు నాలుగు చుట్లు. నన్ను పెద్దమ్మా అనేది. ఎప్పుడూ నా వెనకే పరిగెత్తేది, నా అడుగు మీద తన అడుగు పడితే ఆయాసం రాదట. ఆఫీసు సంగతులు, జుట్టు ఊడే సంగతి, నెల నెలా వచ్చే కడుపునొప్పి, అన్నీ నా వీపుకే చెప్పేది. తొడలు ఒరుసుకుని మండుతున్నాయని నేను సిగ్గు పడుతూ చెబితే, మరుసటి రోజు వ్యాజలీను డబ్బీ తెచ్చి ఇచ్చింది. నా ఒంటికి ఏం కావాలో అడిగినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు.

ఆ పిల్లకు హిందూపురం సంబంధం కుదిరింది. ముహూర్తం చీర వాళ్ల మగ్గం మీదే నేశారు. దానికి కండెలు చుట్టింది నేనే. పెళ్లి చీర దారానికి నా చెయ్యి పనికొస్తుంది, పెళ్లిపిల్లకు నా ముఖం పనికిరాదు. ఈ రెండూ ఎట్లా పొసగుతాయో నాకు ఈనాటికీ అర్థం కాదు. వాళ్లమ్మ కార్డు తెచ్చి ఇచ్చి, అన్నాల టయానికి నిదానంగా రమ్మంది. నాకు అర్థమైంది. ఆమె చెడ్డది కాదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే మాట అనేదాన్నేమో.

పెళ్లి ఇంకా మూడు వారాలు ఉందనగా పెనుకొండలో ఆడవాళ్ల పరుగు పెట్టారు. ఐదు కిలోమీటర్లు. ఆదివారం కాబట్టి నర్సమ్మ రానంది. శకునాలు, వారాలు మీకు లేవంటావు కదా, మరి ఆదివారానికి ఎందుకు కట్టుబడతావని అడిగాను. "అది శకునం కాదక్కా, దేవునికి ఇచ్చిన మాట" అంది. రెంటికీ తేడా ఏమిటో దారి పొడుగునా ఆలోచించాను.

మిగతా ముగ్గురం తొలి రైలుకు పోయాం. పెళ్లి గురించి దర్గాలో మొక్కు ఉందని పిల్ల తల్లి కూడా మాతో వచ్చింది. ఆమె పరుగు మొదలయ్యే స్కూలు గేటు దగ్గర నీళ్ల సీసాలతో కూర్చుంది. మేం రోడ్డెక్కాం. టీచరమ్మ ముందు పోయింది. పెళ్లి బట్టలంటూ తిరిగి చాలా రోజులుగా గ్రౌండుకు రాని పిల్ల వెనకబడింది. నాకు ఊపిరి బాగా ఆడుతోంది, కొండ గాలి చల్లగా ఉంది. అప్పుడు ఎదురుగా ఆడవాళ్లు రావడం చూశాను. రోడ్డు మధ్యలో ఒక ఎర్ర కోను పెట్టారు. దాన్ని చుట్టి, చేతికి రబ్బరు బ్యాండు వేయించుకుని, పోయినవాళ్లు అదే దారిలో తిరిగి వస్తున్నారు.

పరుగంటే గుండ్రంగా తిరగడమే అనుకున్నాను. ఇట్లా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరిగితే ఆ పిల్లకు సూటిగా ఎదురు పడతాను. పెళ్లి పెట్టుకున్న పిల్ల. రోడ్డు ఇరుకు, ఒదగడానికి గోడ లేదు. కోను దగ్గర కాళ్లు తిరగలేదు. నేరుగా పోయాను.

"ఓ అమ్మా, ఈడ తిరుక్కోవల్ల" అని బ్యాండులు వేసే ఆయన అరిచాడు.

నాకు అక్కడ పనుందని చెప్పి ఆగకుండా పోయాను. ఏం పనో నాకే తెలియదు.

కొంత దూరం పోయాక కల్వర్టు గోడ కనబడితే రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాను. పిల్ల కోను దాకా వచ్చి తిరిగి పోయాక, తన వెనక నేను పోవాలి. అదీ నా లెక్క. కొంచెంసేపు గడిచింది. వెనక బూట్ల చప్పుడు వినబడింది. పెద్దమ్మా అని పిలుపు. తొమ్మిదేళ్లు జాగ్రత్తపడినదాన్ని, పిలవగానే తిరిగి చూశాను. ఎదురుగా ఆ పిల్ల, చెమటలు కారుతూ.

నడుముకు ఉన్న చున్నీ లాగి ముఖం మీద వేసుకున్నాను.

"యాడికి పోతాండావు పెద్దమ్మా? ఆయప్ప అరుస్తాంటే ఇనపడల్యా?"

నువ్వు ముందు పో, వెనకాల వస్తానని చెప్పాను. ఆమె పోలేదు. చున్నీ వైపు చూస్తూ నిలబడింది. మగ్గం ఇంటి పిల్ల, చెప్పకుండానే అర్థం చేసుకుంది. మొదట నవ్వింది. తర్వాత గొంతు మారింది.

"ఇన్ని దినాలు నీ ఈపు చూసుకుంటానే పరిగెత్తినా. నీ మొగం చూస్తే ఏమయితాదంట?"

"పెండ్లి పెట్టుకోని ఉండావు తల్లీ. మీ యమ్మ ఈడనే ఉండాది."

"నువ్వు నాకు ఎదురు రాలేదు పెద్దమ్మా. నువ్వు కూచోని ఉండావు. ఎదురొచ్చింది నేను."

పెళ్లి కావలసిన కన్నెపిల్ల ఎదురొస్తే మంచిదంటారు. నాలాంటిది ఎదురొస్తే కీడంటారు. ఇద్దరూ ఒకరికొకరు ఎదురైతే ఎవరి శకునం ఎవరికి తగులుతుంది? ఏ పెద్దవాళ్లూ దీన్ని చెప్పి పోలేదు.

ఇద్దరం పక్కపక్కన తిరిగి వచ్చాం. స్కూలు గేటు దగ్గర తల్లి మమ్మల్ని చూసింది. ఇంకా నా తల మీదే ఉన్న చున్నీని చూసింది. కూతురికి సీసా ఇచ్చింది, కూతురు తాగాక అదే సీసాను తల్లే నాకిచ్చింది. దాన్ని ఎట్లా అనుకోవాలో నాకు తెలియలేదు.

పెళ్లినాడు తెల్లవారకముందే పిల్ల ఫోను చేసింది, ముహూర్తానికే రావాలని. తల్లి అన్నాల వేళకు రమ్మంది. రెండు మాటలూ మోసుకుని, పెళ్లి జరిగే హిందూపురానికి రైలెక్కాను. ముహూర్తానికే చేరాను గాని, మండపం వెనక వంటవాళ్లు తిరిగే చోట స్తంభం పక్కన కూర్చున్నాను. అక్కడి నుంచి పిల్ల వీపు మాత్రమే కనిపించింది. చీర వీపు మీద బాగా కుదిరింది.

రెండు నెలలకు ఆమె భర్త బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. విన్న రోజంతా కల్వర్టే కళ్ల ముందు ఉంది. రోడ్డు మీద కంకర ఉండి పడ్డాడక్కా అంది నర్సమ్మ. తర్వాత ఆ చెయ్యి అతుక్కుంది. పిల్ల ఫోనులో నవ్వుతూనే మాట్లాడుతుంది, హిందూపురంలోనూ పొద్దున్నే పరిగెత్తుతోందట, అత్త కూడా వెంట నడుస్తోందట. నా షుగర్ ఈమధ్య దిగింది. అది ఆ పిల్ల ఎదురు వచ్చినందుకా, పరుగుకా, మాత్రలకా? దేన్ని దేనికి కట్టాలో తెలియడం లేదు. ఇప్పుడే టీచరమ్మను అడిగాను. నాకూ తెలియదు, ఇదీ రాయనా అంది. రాయమన్నాను.

ఈమధ్య గ్రౌండుకు కొత్తగా ఒకామె వస్తోంది. ఆమెకు పద్ధతి తెలియదు, అందరికీ ఎదురు తిరుగుతుంది. మెడలో నల్లపూసలు, చెవుల్లో పాటలు. ఆమె దూరాన కనబడగానే నా కాళ్లు నెమ్మదిస్తాయి. పక్కకు జరగాలా, జరిగితే ఆ పిల్ల ఏమంటుంది అని తేల్చుకునేలోపు ఆమె నవ్వి, చెయ్యి ఊపి, నన్ను దాటి వెళ్లిపోతుంది. అర చుట్టు తిరగగానే మళ్లీ ఎదురొస్తుంది.