గంజినీళ్ల గుడ్డ

పడుగు దారం తెగితే ఐలవ్వ అతికిన చోటు మగ్గం మీది మనిషికి కూడా కనిపించేది కాదు. ఆ వేళ్ల నేర్పుకే ఆమెకు ఇంకో పేరొచ్చింది: నారిపురుగు తీసే ఐలవ్వ. ధర్మపురికి రెండు కోసుల దూరంలోని ఆ ఊళ్లో ఎండాకాలం వచ్చిందంటే ఎవరి పాదానికో, పిక్కకో బొబ్బ లేచి, పగిలి, తెల్లటి పురుగు దారంలా తల బయటపెట్టేది. ఐలవ్వ దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు రెండు వేళ్ల మేర లాగి, కట్టు కట్టేది. తొందరపడితే లోపల తెగుతుంది. తెగితే చీము పడుతుంది.

"నా చేతుల ఇప్పటిదాంక ఒక్కటి తెగలే," అని చెప్పుకునేది. కొంచెం ఎక్కువగానే చెప్పుకునేది.

అందుకే తన మడమకే పురుగు లేచినప్పుడు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి పురుగులు తీసే మనిషికి పురుగా! మొగుడు అంబదాస్‌కు కూడా ముల్లు దిగిందనే చెప్పింది. మంట మాత్రం నిప్పుల్లో కాలు పెట్టినట్టుండేది. తెల్లారగానే అందరికంటే ముందు దిగుడుబావికి పోయి, మెట్టు మీద కూచుని, కాలు నీళ్లలో ముంచేది. ప్రాణం లేచొచ్చేది. ఆ నీళ్లే కడవకెత్తుకుని ఇంటికొచ్చేది. ఇరవై రోజులకు పురుగు మొత్తం వచ్చేసింది. ఎవరికీ తెలియలేదు.

మరుసటి ఎండాకాలం, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో, పదిహేడు ఇళ్లలో పురుగు లేచింది. ఐలవ్వ బిడ్డ, ఎనిమిదేళ్ల బాలలక్ష్మికి మోకాలి పక్కనే లేచింది.

"అవ్వా, కాలు సక్కగైతదా?"

"నా చేతుల వడ్డంక కాకేం బిడ్డా? లేడిపిల్ల లెక్క ఉరుకుతవు."

ఆరోనాడు ఐలవ్వ వాకిట్లో కూచుని బిడ్డ మోకాలి పురుగును పుల్లకు చుడుతుండగా, కరీంనగర్ నుంచి ఆరోగ్యశాఖ ఉద్యోగి వచ్చాడు. ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"నీళ్లు వడగడతారామ్మా?" అని అడిగాడు.

"ఎందుకు వడగట్టం సారూ! పడుగుకు వెట్టే గంజినీళ్లను రెండు మడతల గుడ్డేసి వడగడ్తం. నలక వడితే పడుగు ఖరాబైతది," అంది ఐలవ్వ.

"మరి తాగే నీళ్లు?"

"తాగేటియి కడుపులకే పోతయి గద," అంది పక్కింటి శంకరవ్వ. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పురుగు లేచిన కాలు బావిలో ముంచితే దాని పిల్లలు నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లు వడగట్టకుండా తాగినవాళ్లకు ఏడాదికి పురుగు లేస్తుంది. పోయినేడు ఎవరో అలా కాలు పెట్టే ఉంటారు."

"ఎవతి సారూ అది?" శంకరవ్వ కొంగు దోపింది. "దొరికితే గా బాయిలనే ముంచుదుం!"

తలా ఒక తిట్టు తిట్టారు. తాను నోరు మూసుకుంటే అనుమానం వస్తుందని ఐలవ్వ అందరికంటే గట్టిగా అరిచింది: "దాని కాలు వడిపోను!"

ఆ ఊపుకు చేతిలో పుల్ల గుంజుకుంది. దారం తెగినప్పుడు వేళ్లకు తెలిసే తేలికే తెలిసింది.

బాలలక్ష్మి కేకకు శంకరవ్వ తిట్టడం ఆపింది.

రెండు నెలలు చీము కారింది. పుండు మానింది గాని మోకాలు మళ్లీ పూర్తిగా చాపరాలేదు. పెద్దయ్యాక పడుగు వెంట గంజి కుంచె పట్టి నడవబోతే గంజి అడుగుకో తీరు పడింది. అంబదాస్ పిల్లను రాట్నం ముందు కండెలకు నూలు చుట్టడానికి కూచోబెట్టాడు.

ఐలవ్వ మళ్లీ ఎవరి పురుగూ ముట్టలేదు. కండ్లు కనవడ్తలేవనేది. తాగే నీళ్లకు మాత్రం గంజినీళ్ల గుడ్డే నాలుగు మడతలు వేసేది.

"అవ్వా, గా బాయిల కాలు వెట్టినామె దొరికిందా?" అని ఒకనాడు బాలలక్ష్మి రాట్నం ఆపి అడిగింది.

"దొరకలే బిడ్డా."

ఐలవ్వ గుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. మళ్లీ తీసి, మళ్లీ పిండింది.