ఏ అరలో పెట్టమంటావు?

మొన్న ఉదయం పక్కింటివాళ్ళు పసిపిల్ల నాలుక మీద రాయడానికి వస అరగదీస్తున్నారు. సానరాయి మీద కొమ్ము రాపిడి చప్పుడు, దాని వెనకాలే ఆ ఘాటు వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చాయి. వస పోస్తే పిల్లలకు మాటలు బాగా వస్తాయంటారు. నా విషయంలో మా అమ్మకు కాస్త చెయ్యి జారిందనీ, కొమ్ము మొత్తం నేనే మింగేశాననీ రేపల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది నేనేననుకోండి. అయితే ఆ వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది ఉయ్యాల కాదు, పుస్తకాల కొట్టు. తెనాలిలో సుభద్రమ్మ గారి అద్దె పుస్తకాల షాపులో ప్రతి అరలోనూ, పుస్తకాల వెనక, పురుగు పట్టకుండా ఒక వసకొమ్ము ముక్క ఉండేది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు కథ మరిచిపోయినా ఆ వాసన మరిచిపోయేవారు కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆ షాపులో పనికి కుదిరాను. మా ఆయనకు రేపల్లెలో ఎరువుల కొట్టు. నేను రోజూ పొద్దున ప్యాసింజరు ఎక్కి తెనాలి వచ్చి, సాయంత్రం అదే రైల్లో తిరిగి వెళ్ళేదాన్ని. సుభద్రమ్మ గారిది బాపట్ల. భర్త పోయాక ఆయన కొన్న పుస్తకాలతో తెనాలిలో ఈ షాపు తెరిచారు. సన్నటి మనిషి, చీరాల నేత చీర, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. ఆవిడ తొందరపడటం నేనెప్పుడూ చూడలేదు. అందరూ పిన్నిగారూ అనేవారు, నేనూ అలాగే పిలిచాను.

చేరిన వారంలోనే ఆలస్యంగా వెళ్ళాను. ఆవిడ ఏమీ అడగలేదు. అడగకపోతే నాకు ఊపిరాడదు కాబట్టి నేనే మొదలుపెట్టాను. వేమూరులో ఒక గేదె మా పెట్టెలోకి ఎక్కిందనీ, టిక్కెట్టు లేదని గార్డు దింపబోతే అది కదలనందనీ, చివరికి పెట్టెలో జనమంతా చందాలు వేసుకుని దానికి భట్టిప్రోలు దాకా టిక్కెట్టు కొన్నామనీ, అందుకే ఆలస్యమనీ చెప్పాను. భట్టిప్రోలు రేపల్లె వైపు ఉంటుంది, తెనాలి వైపు కాదు. ఆ సంగతి నాకు చెబుతుండగానే తట్టింది, కానీ అప్పటికే గేదె రైలెక్కేసింది. నిజానికి ఆ రోజు రైలు వేళకే వెళ్ళిపోయింది. లేవనిది నేను.

సుభద్రమ్మ గారు మొత్తం విన్నారు. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"బాగుంది. ఏ అరలో పెట్టమంటావు?" అన్నారు.

"ఏంటండీ?"

"ఇప్పుడు చెప్పావుగా, ఆ గేదె కథ. కొత్త సరుకు వచ్చిందంటే అర చూసుకోవాలి కదమ్మా. ఎక్కడ పెడదాం?"

నేను తడుముకుని, హాస్యం అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఊహూ, గేదె దిగాక ఏమైందో చెప్పలేదు నువ్వు. సగం కథకి అర ఉండదు. రేపు పూర్తి చేసుకుని రా," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి నేను గేదె కోసం నిద్ర మానుకున్నాను. జీతం కోస్తానని బెదిరించి ఉంటే హాయిగా పడుకునేదాన్ని.

అలా మొదలైంది. వారానికి ఒకటో రెండో కోతలు కోసేదాన్ని. ఆవిడ ప్రతిసారీ అదే ప్రశ్న వేసేవారు. ఒకసారి దెయ్యాల అర అంటే, "నాకు భయం వెయ్యలేదే," అనేవారు. మరోసారి భక్తి అంటే, "దేవుడు నీ సీటు కోసం రుమాలు వేసి ఉంచాడా? ఆయనకి వేరే పని లేదా?" అనేవారు. నా అబద్ధాన్ని అబద్ధమని ఒక్కనాడూ అనలేదు. కానీ దాన్ని ఎక్కడ నిలబెట్టాలో నా చేతే చెప్పించేవారు. నిలబడకపోతే తిప్పి పంపేవారు.

ఆ షాపులో అరలు కూడా ఊళ్ళో మిగతా షాపుల్లాంటివి కావు. హాస్యం, భక్తి, వంటలు లాంటివి కొన్ని ఉన్నా, ఎక్కువ అరలు చదివేవాళ్ళని బట్టి ఉండేవి. ఇది రైలెక్కేవాళ్ళ అర, అది కొత్త కోడళ్ళ అర, మూలన ఉన్నది నిద్ర పట్టనివాళ్ళది. గుమ్మానికి దగ్గరగా ఉన్నది ఆస్పత్రి అర, ఎందుకంటే మా వీధి నిండా ఆస్పత్రులే. రోగుల పక్కన కూర్చునేవాళ్ళు పొద్దు గడవక మా దగ్గరికి వచ్చేవారు. ఆ అరలో నేను మొదట చూసింది పచ్చళ్ళ పుస్తకం. ఎవరో తప్పు పెట్టారనుకుని తీసి వంటల పక్కకు మార్చాను.

ఆ సాయంత్రమే అంగలకుదురు నుంచి ఒకాయన వచ్చాడు. అత్తగారికి ఆపరేషనైందట, ఆవిడ జావ తాగుతూ ఆస్పత్రి వాళ్ళందరినీ తిడుతోందట. ఏదైనా పుస్తకం ఇస్తే చదివి వినిపిస్తానన్నాడు. నేను మర్యాదగా ఒక స్తోత్రాల పుస్తకం అందించాను. సుభద్రమ్మ గారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, నేను మార్చిన చోటు నుంచి పచ్చళ్ళ పుస్తకం తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"అత్తగారికి పత్యం కదండీ, ఇదేంటి?" అన్నాడతను.

"పత్యం తినే మనిషికి ఇంతకన్నా మంచి నవల లేదు బాబూ. గోంగూర దగ్గర మొదలుపెట్టండి."

అతను మర్నాడు సాయంత్రమే తిరిగి వచ్చాడు. అత్తగారు రాత్రంతా ఎవరినీ తిట్టలేదనీ, ఉసిరావకాయలో ఆవపిండి తక్కువ రాశారని పుస్తకాన్ని మాత్రం తిట్టిందనీ, రెండో భాగం ఉంటే తెమ్మందనీ చెప్పాడు. అతను వెళ్ళాక పిన్నిగారు నాతో, "పుస్తకంలో ఏముందో చూడటం తప్పు కాదమ్మాయ్. కానీ అక్కడే ఆగిపోకు. ఎవరి చెయ్యి దాని మీదికి వస్తుందో చూడు. ఆ చెయ్యి అంతకుముందు దేన్ని ముట్టుకుందో చూడు," అన్నారు. ఆ తర్వాత నేను పుస్తకాలకన్నా చేతుల్నే ఎక్కువ చూశాను.

కొన్నేళ్ళకు ఆ చేతులు తగ్గిపోయాయి. టీవీ సీరియళ్ళు ఇళ్ళల్లో సాయంత్రాల్ని తినేశాయి, సెల్‌ఫోన్లు ఆస్పత్రి వరండాల్ని తినేశాయి. సుభద్రమ్మ గారు ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. పుస్తకాలన్నీ వసకొమ్ములతో సహా లారీకెక్కించి బాపట్ల వెళ్ళిపోయారు. నేను రేపల్లెలో మిగిలాను. కోతలు కొయ్యడం ఆగలేదు గానీ, విన్నవాళ్ళు నవ్వేసి పోతున్నారు, అర ఏదని అడిగేవాళ్ళు లేరు. ఆ దిగులుతోనే రాయడం మొదలుపెట్టాను. గేదెను భట్టిప్రోల్లో దింపి, దాని సంసారం కూడా చక్కబెట్టాను. మొత్తం కథలకు 'ఆలస్యానికి కారణాలు' అని పేరు పెట్టి సొంతంగా అచ్చు వేయించాను. కట్టలు మా ఆయన కొట్లో యూరియా బస్తాల పక్కన దిగాయి.

అసలు కష్టం అప్పుడు తెలిసింది. రేపల్లె నుంచి తెనాలి దాకా నన్నెరగనివారు లేరు. ఎవరి చేతిలో పుస్తకం పెట్టినా, "ఇవన్నీ నీ నోట విన్నవేగా," అని సంతకం చేయించుకుని ఊరికే పట్టుకెళ్ళేవారు. మా ఆడపడుచైతే ఎరువుల కొట్టుకు వచ్చినప్పుడల్లా కట్టల మీద చెయ్యి వేసి, "వదినా, నీ కోతలు ఊళ్ళో ఉచితంగా దొరుకుతుంటే కొనేదెవరు? పల్లీలు పొట్లాలు కట్టుకునేవాడికైనా ఇచ్చెయ్యి, తింటూ ఎవరో ఒకరు చదువుతారు," అనేది. ఆమె మాటలో నిజం ఉంది. నన్నెరగనివాడు చదివితే తప్ప నేను రచయిత్రిని కాను, వాగుడుకాయనే. నన్నెరగనివాడిని వెతకాలంటే డెల్టా దాటాలి.

హైదరాబాదులో ఇద్దరు స్నేహితులు ఇంటర్నెట్‌లో తెలుగు పుస్తకాల షాపు పెట్టారని తెలిసి వాళ్ళకు రాశాను. కాపీలు పంపమన్నారు, పుస్తకం ఏ విభాగంలో చూపించాలో మీరే చెప్పండి, రెండు ఎంచుకోవచ్చన్నారు. ఏవి బాగా అమ్ముతాయని అడిగితే భక్తి, ఆరోగ్యం అన్నారు. నేను భక్తి, ఆరోగ్యం అని రాసిచ్చాను. గేదె పాలు ఆరోగ్యానికి మంచివే కదా.

మొదటి పాఠకుడు పొన్నూరు నుంచి ఫోన్ చేశాడు. గొంతును బట్టి పెద్దాయన.

"అమ్మా, స్నానం చేసి, దీపం పెట్టుకుని మీ పుస్తకం తెరిచానమ్మా."

"సంతోషమండి."

"మొదటి పేజీలో గేదె ఉంది."

"అవునండి."

"రెండో పేజీలోనూ గేదే ఉంది."

"అది కొంచెం దూరం వస్తుందండి."

"చివరిదాకా వచ్చిందమ్మా. భగవంతుడు ఎక్కడైనా కనపడతాడేమోనని నేనూ చివరిదాకా వచ్చాను. మన మొర వినడానికి ఆయనకి ఆలస్యమెందుకవుతుందో చెప్పే పుస్తకం అనుకున్నాను."

ఆయన తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. నిరాశపడ్డాడు. హైదరాబాదు వాళ్ళకు కూడా ఫిర్యాదు చేశాడు. ఇంకొక్కటి ఇలాంటిది వస్తే మీ పుస్తకం తీసేస్తామండి అని వాళ్ళు మర్యాదగానే చెప్పారు. నాకున్న ఒక్క కిటికీ మూసుకుపోయేలా ఉంది. మర్నాడే బాపట్ల రైలెక్కాను.

సుభద్రమ్మ గారు కాఫీ ఇచ్చి, జరిగిందంతా విని, ఒక్కటే అడిగారు. "నా దగ్గర అన్నేళ్ళు పనిచేసి, గేదెని దేవుడి గదిలో కట్టేశావా?"

చెప్పులు వేసుకుని, కాలేజీ పిల్లలతో నిండిన నెట్ సెంటరుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆవిడకు కంప్యూటరు ముట్టుకోవడం రాదు. నేను మౌసు పట్టుకుంటే, పక్కన కుర్చీలో కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నారు. విభాగాల పేర్లు చదవబోయాను.

"పేర్లొద్దు. తలుపు తియ్యి. లోపల ఎవరెవరు కూర్చున్నారో చూద్దాం."

హాస్యం తెరిచాను. మొగుడూ పెళ్ళాల జోకులు, పొట్ట చెక్కలయ్యే జోకులు. "ఇక్కడికొచ్చేవాడు నిలబడి నవ్వి పోయేవాడు. నీ కథలో నవ్వు సగం దాటాకగాని రాదు. అంతసేపు ఆగడు. మూసెయ్యి." కథలు తెరిచాను. పేజీలకు పేజీలు. "తిరణాలలో పిల్లని వదిలినట్టుంటుంది. పద." ప్రయాణాలు తెరిచాను. కాశీ యాత్ర దారులు, అరకులోయ ఫోటోలు, వాటి మధ్య పాత రైళ్ళ గురించి ఒక పుస్తకం, ఒక రైల్వే టైంటేబులు. ఆవిడ వేలు తెర మీద టైంటేబులు దగ్గర ఆగింది.

"ఇది ఎవరు కొంటారు?"

"రైలెక్కేవాళ్ళండి."

"రైలెక్కేవాడు స్టేషన్లో బోర్డు చూసుకుంటాడు. ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని టైంటేబులు చదివేవాడు వేరే ఉంటాడమ్మాయ్. వాడికి రైలంటే ప్రాణం. నీ గేదెని ఆ చెయ్యి పట్టుకుంటుంది. ఇక్కడ పెట్టు."

పెట్టాను. విభాగాలు మార్చుకోవడానికి హైదరాబాదు వాళ్ళు ఇచ్చిన రెండు గడుల్లో రెండోది ఇంకా మిగిలింది. కథలే పెడదామన్నాను. ఆవిడ కింద ఉన్న 'కల్పన' చూపించారు. అక్కడే మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ప్రయాణాలని ఒకచోట రాసి పక్కనే కల్పన అని రాస్తే ఎవరు నమ్ముతారండీ అని నేను గట్టిగానే అన్నాను. ముందు వరసలో కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"నమ్మకపోతే ఏంటి?" అన్నారు పిన్నిగారు, గొంతు పెంచకుండా. "నువ్వు చెప్పినవాటిలో నేను ఒక్కటీ నమ్మలేదు. ఒక్కరోజైనా వినకుండా ఉన్నానా?"

నేను కల్పన మీద నొక్కాను.

చాలా రోజులు ఏమీ జరగలేదు. మా ఆడపడుచు కట్టల మీద చెయ్యి వేస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం ఖరగ్‌పూర్ నుంచి ఫోన్ వచ్చింది. తెలుగాయనే, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడట.

"మీరు గేదెని ప్యాసింజరు పెట్టెలోకి ఎక్కించారమ్మా. అది కుదరదు. చివర గార్డుండే బ్రేక్ వ్యాను తలుపు తియ్యాలి, బుక్ చెయ్యాలి. గార్డు ఊరుకున్నట్టు రాశారు. ఏ గార్డూ ఊరుకోడు."

"కల్పనని పెట్టామండీ."

"చూశాను. అందుకే కోపం రాలేదు. కల్పనైతే మాత్రం, పద్ధతిగా ఎక్కించొచ్చు కదా," అన్నాడాయన. ఆ తర్వాత తన సర్వీసులో జరిగిన ఒక మేకల కథ చెప్పాడు. నాకు అసూయ పుట్టింది. ఆయన పుస్తకం తన కాలనీలో తెలుగువాళ్ళందరికీ తిప్పాడు. వాళ్ళు బిలాస్‌పూర్‌లో, వాల్తేరులో తమవాళ్ళకు చెప్పారు. హైదరాబాదు వాళ్ళు మళ్ళీ కాపీలు అడిగారు, ఆ తర్వాత మళ్ళీ అడిగారు. యూరియా బస్తాల పక్కన గోడ కనిపించడం మొదలైంది. మా ఆడపడుచు ఆ గోడకేసి చూసి, "ఎలకలు కొట్టేశాయా వదినా?" అంది.

నేను బాపట్లకు ఫోన్ చేసి పిన్నిగారికి అంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఖరగ్‌పూర్, గార్డు, బ్రేక్ వ్యాను, మేకలు.

"బాగుంది. ఏ అరలో పెట్టమంటావు?" అన్నారు.

ఆ ప్రశ్నకి మొదటిసారి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పిన్నిగారూ, ఇది నిజమండీ."

"అయితే ఆయన నంబరివ్వు."

ఇచ్చాను. సాయంత్రం దాకా ఆవిడ ఫోన్ ఎంగేజ్‌లోనే ఉంది. చీకటి పడుతుండగా తనే చేశారు. "ఆయన చెప్పిన మేకల కథ నీ గేదె కన్నా బాగుంది. నువ్వు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి," అన్నారు. ఫోన్ పెట్టెయ్యబోతూ ఆగారు. "అమ్మాయ్, మన అర సరైనదే."

మన, అన్నారు. ఆ మాట కోసం నేను రేపల్లె నుంచి ఖరగ్‌పూర్ దాకా గేదెను నడిపించుకుని వెళ్ళమన్నా వెళ్ళేదాన్ని.

రెండో ముద్రణలో గార్డు బ్రేక్ వ్యాను తలుపు తీస్తాడు. ఆ పుస్తకం బాపట్ల చేరేసరికి సుభద్రమ్మ గారు ఇంకా ఉన్నారు, చూశారు, మంచం పక్కన తను చదువుకునే రైల్వే టైంటేబులుతో కలిపి పెట్టుకున్నారు. ఇప్పుడు లేరు. తెనాలిలో, పొన్నూరులో సొంతంగా పుస్తకాలు వేసుకునేవాళ్ళు ఆన్‌లైన్‌లో ఏ కేటగిరీ పెట్టాలో అడగడానికి నా దగ్గరికి వస్తారు. మొన్న ఒక లెక్చరరు గారు వచ్చి అమ్మేది ఏదో చెప్పండి చాలన్నారు. పుస్తకం పక్కన పెట్టి, తలుపు తియ్యండి, లోపల ఎవరు కూర్చున్నారో చూద్దాం అన్నాను. నా గొంతు నాకే వేరేలా వినిపించింది.

ఈ రాసినదానికి కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి ఎంత నిజమని అడుగుతారని తెలుసు. నాకు రెండు గడులు చాలు. వస మింగిన సంగతీ, వేమూరు గేదే, దాని సంసారమూ కల్పనలో వేసుకోండి. సుభద్రమ్మ గారిని మాత్రం జ్ఞాపకాల్లో పెట్టాను. అక్కడి నుంచి ఎవరూ కదపకండి.